కత్తిపీట అక్కర్లేని పండు

చిన్నరసం మామిడిపండును కోసుకుని తినేవాళ్లను మా తిరువూరులో మనుషుల్లో జమకట్టరు. మెత్తగా పిసికి, తొడిమ తీసి, సొన పిండేసి, నోట్లో పెట్టుకుని జుర్రుకోవాలి. లోపలేముందో చూసే పనే లేదు.

ఆ నమ్మకమే నిరుడు మా పరువు తీసింది. మా ఆడపడుచు అత్తగారు తోటకొచ్చి, మామగారు స్వయంగా ఏరి ఇచ్చిన పండును జుర్రుకుని, నోట్లో కదిలిన పురుగును ఉమ్మేశారు. తర్వాత ఎంతో మర్యాదగా, "అన్నయ్యగారూ, కత్తిపీట ఉంటే ఇప్పిస్తారా?" అన్నారు. రసం పండుకు కత్తిపీట! మామగారు ఆ పూట అన్నం ముట్టలేదు. "వచ్చే ఏడు కూడా పురుగు పడితే చెట్లన్నీ కొట్టించి పామాయిల్ వేస్తా" అని తేల్చేశారు. నా పిల్లల్ని ఉయ్యాలలూపింది ఆ చెట్ల కిందే. కొట్టించడమనే మాట వినగానే నాకు ఒళ్లు మండిపోయింది.

వాన పడితే పురుగు దానంతటదే పుడుతుందని మామగారి వాదన. నేను తోటల ఆఫీసరును అడిగొచ్చాను. అది పండు ఈగ పనట. వంటింట్లో మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే నలుసంత ఈగలు వేరు, అవి కుళ్లినదాన్నే ఆశిస్తాయి. ఇది ఇంచుమించు ఇంటి ఈగంత ఉండి, పక్వానికొచ్చిన మంచి కాయనే సూదిలాంటి తోకతో పొడిచి గుడ్లు పెడుతుంది. పైకి చిన్న మచ్చ తప్ప ఏమీ కనపడదు. పురుగులు గుజ్జు తిని, కాయ రాలాక మట్టిలో దూరి, మళ్లీ ఈగలై లేస్తాయి.

మట్టిలో! "చెట్టుది చెట్టుకే ఎరువు" అంటూ రాలిన కాయల్ని పాదుల్లోనే వదిలేయడం మా ఇంటి ఆచారం. పాముకు పాలు పోసి పెంచుతున్నది మేమే.

ఈసారి రాలిన ప్రతి కాయనూ ఏరించి, సంచుల్లో మూతి బిగించి ఎండలో పడేయించాను. పాదులు తవ్వించాను. కొమ్మలకు ఎర డబ్బాలు కట్టాను. వాటిలోని మందు వాసనకు మగ ఈగలు వచ్చి చస్తాయి. మగవి లేకపోతే పిల్లలెక్కడివి?

"చెట్లకు దిష్టి డబ్బాలు కడుతున్నావా అమ్మాయ్?" అని మామగారు ఎగతాళి చేశారు. డబ్బా విప్పి ఈగల కుప్ప చూపించాక, పొద్దున్నే కాఫీ కన్నా ముందు డబ్బాల దగ్గరికే వెళ్లడం మొదలుపెట్టారు.

వేసవిలో ఆడపడుచు అత్తగారు మళ్లీ వచ్చారు. మామగారు పళ్ల బుట్ట ముందు పెట్టి, పక్కనే కత్తిపీట కూడా పెట్టారు.

ఆవిడ ఒక పండు కోసి చూశారు. శుభ్రంగా ఉంది. ఇంకోటి కోశారు. అదీ అంతే. ఆ తర్వాతి పండును చేతిలోకి తీసుకుని, కత్తిపీట పక్కకు జరిపి, పిసకడం మొదలుపెట్టారు. రసం మోచేతుల దాకా కారింది. టెంకను తెల్లబడేదాకా చీకి, "ఇంకోటి ఇవ్వమ్మాయ్" అని చెయ్యి చాపారు.

బుట్టలోంచి పెద్ద పండు ఏరి ఇచ్చాను. మామగారు ఇక ఆగలేకపోయారు.

"అమ్మాయ్, ఆ కత్తిపీట తీసి లోపల పడెయ్!" అని పక్క తోటలవాళ్లందరికీ వినపడేలా కేకేశారు.