వెలగకూడని సీసా

మొన్న మా ల్యాబ్‌లో ఒక విద్యార్థిని ఐస్ పెట్టెలోంచి రొయ్యల చెరువు నీళ్ళ సీసా తీసి మూత విప్పింది. నాచూ బురదా కలిసిన ఆ ఉప్పు వాసన తగలగానే నాకు ప్రొఫెసర్ ఇందుమతి గారు గుర్తొచ్చారు.

ఆవిడది కెమికల్ బయాలజీ. కణాల్లో జరిగే పనిని కంటికి కనిపించేలా చేసే రసాయనాలను తయారుచేయడం ఆవిడ పని. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో పన్నెండేళ్ళు పాఠాలు చెప్పి, నలభై దాటాక పీహెచ్‌డీ చేసి, అప్పుడు యూనివర్సిటీలో చేరారు. ఈడువాళ్ళంతా ప్రొఫెసర్లయిపోయిన వయసులో ఆవిడ తన మొదటి ల్యాబ్ పెట్టుకున్నారు. ఇరుకు గది, ఒకే కిటికీ. నేను ఆవిడ మొదటి రీసెర్చ్ విద్యార్థిని. "నాకు టైం తక్కువుందని నువ్వు తొందరపడకమ్మా. ప్రయోగానికి ఎంత పట్టాలో అంత పడుతుంది," అన్నారు చేరిన రోజున.

రొయ్యలకు జబ్బు తెచ్చే ఒక బాక్టీరియా ఉన్న నీళ్ళలో వేస్తే, నీలి దీపం కింద ఆకుపచ్చగా వెలిగే రసాయనం మేం చేశాం. జబ్బు ముదరకముందే రైతుకు తెలియాలన్నది ఆవిడ ఆశ. మూడేళ్ళకు అది వెలిగింది. ఆ రోజు ఆవిడ కుర్చీలో కూర్చుని ఆ సీసానే చూస్తూ ఉండిపోయారు.

తర్వాత కొద్ది రోజులకు, ఏ జబ్బూ లేని చెరువు నుంచి తెచ్చిన నీళ్ళు కూడా వెలిగాయి. సీసా సరిగ్గా కడగలేదేమో అనుకున్నాను. అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను. పారబోశాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలల తర్వాత, కూచిపూడి దాటాక ఒక ఊళ్ళో ఉండే వెంకటేశ్వరరావు గారనే రైతు పరీక్షకు తన చెరువు నీళ్ళిచ్చారు. అవి వెలిగాయి. మేడమ్ వెంటనే ఫోన్ చేశారు. ఆయన భయపడి, ఇంకా ఎదగని రొయ్యల్ని మర్నాడే పట్టించి వచ్చిన ధరకు అమ్మేశారు. వారానికి, సరిచూడమని మేం ఆ రొయ్యల్ని పంపిన వేరే ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. వాటికి జబ్బు లేదు.

ఆ ఉదయం ఆవిడ గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. పారబోసిన సీసా సంగతి చెప్పాను.

"నోట్‌బుక్‌లో రాశావా?"

"లేదండి."

"ఇవాళ రాయి. తారీఖు ఇవాళ్టిదే వెయ్యి, పాతది వేయకు."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆ నెలలోనే ఆవిడ ప్రమోషన్ ఇంటర్వ్యూ. దానికి ఆవిడ దగ్గరున్నదల్లా ఈ పనిమీద సైన్సు పత్రికకు పంపిన వ్యాసమే. నా ఎదురుగానే దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ రాసి, "బ్యాగు తెచ్చుకో, బస్సుకు వెళ్దాం," అన్నారు.

కంకిపాడు మీదుగా వెళ్ళే బస్సెక్కి ఆ ఊళ్ళో దిగాం. వెంకటేశ్వరరావు గారు ఎండిన చెరువు గట్టు మీద ఉన్నారు.

"మా పరీక్ష తప్పండీ. మీ చెరువుకు ఏ జబ్బూ లేదు. ఆ ఫోన్ నేను చేసుండాల్సింది కాదు," అన్నారు మేడమ్.

ఆయన నీళ్ళు లేని చెరువు వైపు చూశారు. "మీరు రాకపోతే నాకు తెలిసేదే కాదు గదండీ, మేడం గారూ."

"అందుకే వచ్చామండీ."

ఆయన కాఫీ తాగమనలేదు. బస్సు వేళ మాత్రం చెప్పారు. నేను ఆవిడ వెనకే నిలబడ్డాను. తప్పు నాదని నోరు విప్పలేకపోయాను.

ఆ ఏడు ప్రమోషన్ మరొకరికి వచ్చింది. ఆ వెలుగు ఎందుకొచ్చిందో తేల్చడానికి మాకు ఇంకో నాలుగేళ్ళు పట్టింది. కొన్ని చెరువుల్లో పెరిగే ఒక రకం నాచు మా రసాయనాన్ని అలాగే వెలిగిస్తోంది. దాన్ని సరిచేసి రాసిన వ్యాసంతోనే నాకు పీహెచ్‌డీ వచ్చింది, ఆవిడ ప్రొఫెసరయ్యారు. రిటైర్మెంటుకు అప్పటికి మూడేళ్ళే ఉంది. కొత్త రసాయనం మొదటి సీసా వెంకటేశ్వరరావు గారికే పంపారు. ఆయన వాడారో లేదో మాకెప్పుడూ తెలియలేదు.

ఆవిడ పదవీ విరమణ రోజున గది సర్దుతూ ఉంటే అడిగాను. "ఆ సీసా నేను పారబోశానని మీరు ఎవరికీ ఎందుకు చెప్పలేదు మేడమ్?"

ఆవిడ పుస్తకాలకు తాడు కడుతూ అన్నారు: "బాగా వచ్చిందని నువ్వు చెప్పిన ప్రతిసారీ నేను సంతోషపడ్డానే గానీ, రానివేమున్నాయని ఒక్కసారీ అడగలేదు. అడిగుంటే నువ్వు చెప్పేదానివే."

నా బరువు దించాలనే అన్నారేమో. దిగలేదు. చెప్పేదాన్నో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే నా విద్యార్థులు మంచి ఫలితంతో వచ్చినప్పుడు వాళ్ళతో పాటు సంతోషించి, ఆ తర్వాత రానివేమున్నాయని అడుగుతాను. ఏమీ లేవండి అంటారు వెంటనే. నేను మరో పని అందుకోకుండా, వాళ్ళ ఎదురుగా ఇంకాసేపు కూర్చుంటాను.