భోజనాల బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు

శవాన్ని మోసినవాళ్లు కాళ్లు కడుక్కోకుండా గడప తొక్కరు. నేను తిరిగిన దేశాల్లో చాలాచోట్ల, ఏదో ఒక రూపంలో, ఈ ఆచారం చూశాను. మరి ఫోనులో చావును మోసేవాళ్ల సంగతేమిటి? అమెరికాలో, డులూత్ అనే ఊళ్లో, మా పక్కింటి మార్లిస్ హాగెన్‌ది అదే ఉద్యోగం. ఎవరైనా పోతే ఇంటివాళ్లు జీవిత బీమా కంపెనీకి చేసే మొదటి ఫోను ఆమే తీస్తుంది.

ఆఫీసు ఉన్నన్నాళ్లూ పక్క కుర్చీలో డొలోరెస్ ఉండేది. ఫోను పెట్టేసి మార్లిస్ కదలకుండా కూర్చుంటే, "లేవవే, నీ మొహం చూస్తే పోయింది నువ్వే అనుకుంటారు. పద, ఆ దరిద్రపు కాఫీ తాగొద్దాం" అనేది. కాఫీ దాకా ఇరవై అడుగులు. మార్లిస్‌కు కాళ్లు కడుక్కోవడమంటే అదేనేమో.

తర్వాత ఆఫీసు మూసేసి, అందర్నీ ఇళ్లనుంచే పని చెయ్యమన్నారు. మార్లిస్ ఇల్లు చిన్నది. కంప్యూటరు భోజనాల బల్లమీదే పెట్టుకుంది. అలా నాలుగేళ్లు.

అక్టోబరులో ఒక శనివారం నన్ను భోజనానికి పిలిచింది. అడవి బియ్యం సూపు చేసింది. ఈ లూథరన్ క్రైస్తవుల ఇళ్లలో చెంచా ముట్టే ముందు ప్రభువును అతిథిగా రమ్మని పిలుస్తారు. మార్లిస్ చేతులు జోడించి కళ్లు మూసుకుని, "మీవారు పోయినందుకు చింతిస్తున్నాం. ఈ సంభాషణ రికార్డవుతోంది" అంది.

నవ్వబోయి ఆగాను. ఆమె ముఖం పాలిపోయింది.

"వేసవి నుంచీ ఇంతే. ప్రార్థన మొదలెడితే ఫోనులో విన్న ఆ పోయినవాళ్లంతా వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నారు. ఆ ప్రార్థన కూడా పోతే నాకింకేం మిగులుతుందో మీరే చెప్పండి."

నవంబరు మొదటి ఆదివారం వాళ్ల చర్చిలో ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదివి, పేరుకో గంట కొడతారు. మార్లిస్ ముందుగానే పాస్టరు సోల్వెగ్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను.

"నావాళ్లకీ కొట్టించండి, పాస్టరమ్మా. పేర్లు మాత్రం బయటికి చెప్పకూడదు, కంపెనీ రూలు."

"ఎన్నిసార్లు?"

"నేను చెయ్యెత్తేదాకా."

గంట కొట్టే ముసలి ఆర్విడ్ గొణిగాడు: "తొందరగా ఎత్తు తల్లీ, నా భుజం ఇదివరకటిది కాదు."

ఆ ఆదివారం చదివిన సంఘంవాళ్ల పేర్లు పదకొండు. ఆ తర్వాతివన్నీ పేరులేని గంటలు. మొదట జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరూ కదల్లేదు. మార్లిస్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆర్విడ్ చెయ్యి మార్చుకున్నాడు, మళ్లీ మార్చుకున్నాడు. ఎట్టకేలకు ఆమె చెయ్యెత్తింది.

ఆ మధ్యాహ్నం ఆమె బల్ల దగ్గరే, మళ్లీ అదే సూపుతో, భోజనానికి కూర్చున్నాం. కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె తడబడకుండా ప్రార్థన చివరిదాకా చెప్పింది. ఆమెన్ అన్నాక నేను చెంచా అందుకున్నాను. ఆమె నా మణికట్టు మీద చెయ్యి వేసింది.

"ఆగండి. ఇంకా వస్తున్నారు."

సూపు మీద ఆవిరి పోయేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.