నా కాలికి మొక్కిన కోడి

మా ఇంట్లో ముసలివాళ్ళు ఎంతమంది అని ఎవరైనా అడిగితే నలుగురని చెప్పేవాణ్ణి. ఒకరు మా అమ్మ, మిగతా ముగ్గురూ పెరట్లో కోళ్ళు. నలుగురిలో నా మాట వినేవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ ఊరంతా చెబుతుంది గాని, ఈ నలుగురితో వేగిన మనిషికి ఆ మాత్రం కోపం ఉండదా?

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వెనక కాస్త ఖాళీ జాగా, అందులో ఓ వేపచెట్టు. నేను బొగ్గు బావిలో ఫిట్టర్ని. ఏడేళ్ళ కింద ఫస్టు షిఫ్టుకు బండి మీద పోతుంటే ఓ బర్రె అడ్డమొచ్చింది. బర్రెకేమీ కాలేదు. నా కుడికాలు రెండు చోట్ల విరిగింది, తలకు దెబ్బ తగిలి రెండు రోజులు స్పృహ లేకుండా దవాఖానాలో పడున్నాను. ఆ రెండు రోజుల్లోనే మా అమ్మ పోచమ్మకు మొక్కుకుంది. కొడుకు తన కాళ్ళ మీద నడిచి ఇంట్లోకొస్తే కోడినిస్తానంది. మొక్కుకుని ఊరుకోలేదు, అప్పుడే తల్లికోడి వెంట తిరుగుతున్న పిల్లల్లో ఎర్రదాన్ని ఒకదాన్ని పట్టి కాలికి పసుపుదారం కట్టింది. మూడు నెలలకు నేను నడిచే ఇంట్లోకి వచ్చాను. కుంటుతూ వచ్చాను గాని, మొక్కులో కుంటకూడదని లేదు.

మొక్కిన కోడి అంటే దాని దర్జాయే వేరు. అమ్మరాదు, కొయ్యరాదు, గట్టిగా కసరరాదు. చుట్టాలొచ్చినప్పుడల్లా దాని తోడబుట్టినవి ఒక్కొక్కటీ గిన్నెలోకి పోయాయి. చివరికి ఒక నల్లదీ, ఒక బోడమెడదీ మిగిలాక, ఎర్రది ఒంటరిదైతే బెంగపెట్టుకుంటుందని మా అమ్మ వాటికీ మాఫీ ఇచ్చింది. అట్లా నా ఒక్క కాలి మీద మూడు కోళ్ళు బతికాయి.

మొక్కు మాత్రం తీరలేదు. మొదటి ఏడు శ్రావణానికి ఎర్రది గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది. పొదిగే కోడిని లేపి తీసుకుపోతే పాపమంది అమ్మ. మరుసటేడు మా పెద్దనాయన పోయాడు, ఏడాదంతా మొక్కులు బంద్. ఆ తర్వాత కరోనా వచ్చి గుడికి తాళం పడింది. ఆపైన రెండేళ్ళు సరిగ్గా మొక్కు తీర్చాల్సిన ఆదివారమే నాకు డ్యూటీ పడింది. పడింది అంటున్నాను గాని, నేనే అడిగి వేయించుకున్నాను. సెలవు రోజు పనికి అంత ఎగబడటం చూసి మా సూపర్‌వైజరు నాకు బుద్ధి వచ్చిందనుకున్నాడు. నిజమేమిటంటే, ఆ కోడిని కోయించడం నాకు ఇష్టం లేదు. ఆ మాట మా అమ్మతో అనే ధైర్యమూ లేదు.

ఈ లోపల కోళ్ళు ముసలివైపోయాయి. గుడ్లు ఎప్పుడో మానేశాయి. గోళ్ళు వంకర తిరిగి నడవలేకపోతుంటే నా గోళ్ళ కత్తెరతో కత్తిరించేవాణ్ణి. మా ఆవిడ తనకు వేరేది కొనుక్కుని పోపుడబ్బాలో దాచుకుంది. కొడవలిలా వంగిన ముక్కుతో గింజలు ఏరలేవని నూకలు నానబెట్టి పెట్టేవాణ్ణి. ఎగిరి దూలమెక్కలేవని గూట్లో జానెడు ఎత్తులో పలక కొట్టాను. ఎర్రదానికి ఒక కంట్లో పొర వచ్చింది, కుడికాలు కుంటుపడింది. నాదీ కుడికాలే. సాయంత్రం మేమిద్దరం ఒకరి వెనక ఒకరం పెరడు దాటుతుంటే పక్క క్వార్టరు వాళ్ళు పనులు మానుకుని చూసేవాళ్ళు.

ఒక రోహిణి కార్తెలో నేను డ్యూటీలో ఉండగా బోడమెడది ఎండదెబ్బకు పోయింది. మా దిక్కు ఎండల సంగతి చెప్పేదేముంది, రామగుండం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నంత వేగంగా లేస్తాడు. దాన్ని వేపచెట్టు పక్కన పాతిపెట్టి, మిగిలిన రెండింటినైనా దక్కించుకోవాలని పంతం పట్టాను. గూటి మీద తడి గోనెపట్టా కప్పాను. కూలర్ని వెనక గుమ్మం వైపు తిప్పాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో తన వైపు ఒక్కసారైనా తిప్పానా అని మా ఆవిడ అడిగింది. నేను గోనెపట్టా మీద ఇంకో చెంబు నీళ్ళు పోశాను. షిఫ్టు దిగి రాగానే చెంబుతో నీళ్ళు తెచ్చి, వేపమండ ముంచి కోళ్ళ మీద చల్లడం రోజూ నా పని. మొదట్లో రెండూ అదిరిపడి దులుపుకునేవి. ఎర్రది వారంలోనే అలవాటుపడి, నా అడుగుల చప్పుడు వింటేనే వచ్చి మెడ సాచి, ఉన్న ఒక్క కన్నూ మూసుకుని నిలబడేది. నల్లది మాత్రం ఎన్నాళ్ళయినా దులుపుకుని నా మొహం తడిపేది. అమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది.

నిరుడు ఆషాఢంలో అమ్మకు జ్వరమొచ్చి తగ్గింది. తగ్గిన మరునాడే నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను ఇయ్యాల ఉన్న, రేపు ఉంటనో లేదో. మొక్కు బాకీ పెట్టుకొని పోతే నాకు అక్కడ దారి దొర్కదు బిడ్డా. ఈ శ్రావణంల ఇడువ."

కోడి ప్రాణం ఒక పక్క, అమ్మ నిశ్చింత ఒక పక్క. రెండూ నా కాలి పుణ్యమే.

పక్క క్వార్టరు కాకను సలహా అడిగాను. ఆయన రిటైరైన మైనింగు మనిషి. సర్వీసులో ఉండగా, కొలువు కొడుక్కొస్తుందని మెడికల్ అన్‌ఫిట్ కోసం మూడుసార్లు బోర్డుకు పోయి మూడుసార్లూ ఫిట్టనిపించుకుని తిరిగొచ్చాడు కాబట్టి, ఆ విషయంలో మా కాలనీలో ఆయన్ని మించిన పండితుడు లేడు. అమ్మవారికిచ్చేది ఏ వంకా లేకుండా ఉండాలి, ఒంటికన్ను కుంటికోడి చెల్లదు, దానికి మెడికల్ బోర్డు పెట్టి అన్‌ఫిట్ చేయించు అన్నాడు. వంకున్నది చెల్లదని అమ్మ కూడా ఒప్పుకుంది. అయితే తనే చూసి తేలుస్తానంది.

ఆదివారం పొద్దున పెరట్లో బోర్డు కూర్చుంది. అమ్మ కుర్చీలో, కాక పీట మీద, నేను కోడి తరఫున నిలబడి. కాక కంటి పొర చూపించాడు. కాలు పట్టి వంచి చూపించాడు. పదడుగులు నడిపించి మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఎర్రది కుంటిన కుంటుకు నాకే జాలేసింది. అమ్మ మొహం కాస్త మెత్తబడుతోంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో మా ఆవిడ బియ్యం చెరగడానికి చాట తీసింది. ఆ చప్పుడు విన్నదే తడవు, ఎర్రది రెక్కలు విప్పి, కాక ఒళ్ళోంచి ఒక్క దూకు దూకి, పెరడంతా ఉరికి, రెండు మెట్లూ ఎక్కి వంటింట్లో తేలింది.

కాక చొక్కా దులుపుకుంటూ నిట్టూర్చాడు. "నాది గూడ గిట్లనే ఖరాబైంది కొడుకా. దూరపు చూపు లేదని బోర్డును నమ్మిచ్చిన. బయటికొస్తుంటే గేటు కాడ మా బామ్మర్ది కనబడ్డడు, పేరు వెట్టి పిలిచిన."

"ఫిట్టే ఉన్నది," అని అమ్మ లేచింది. శ్రావణం రెండో ఆదివారం ఖాయం చేసింది.

ఆ ఆదివారం ఎర్రదానికి పెరుగులో అటుకులు నానబెట్టి పెట్టాను. ఎప్పుడూ కోళ్ళను తిట్టే మా ఆవిడ దాని కాళ్ళు కడిగి, పసుపుదారం కొత్తది కట్టి, వెనక్కి తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. అమ్మ బోనమెత్తుకుంది. కాక మసాలా పొట్లం జేబులో పెట్టుకుని అందరికన్నా ముందు ఆటో ఎక్కాడు. ఎర్రది నా ఒళ్ళో కూర్చుని దారి పొడుగునా బయటికి చూసింది. దాని జన్మలో అది మొదటి షికారు.

గుడి ముందు పెద్ద వరుస ఉంది. మా దిక్కు ఓ పద్ధతుంది. కోడినైనా మేకనైనా అమ్మవారి ముందు నిలబెట్టి వేపమండతో నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. దులుపుకోనంత వరకు కత్తి ఎత్తరు. ముందున్న కోళ్ళన్నీ చుక్క పడగానే దులుపుకుంటున్నాయి. మా వంతు వచ్చింది. గుడి మనిషి మండ ఎత్తబోతుంటే మా అమ్మ చెంబు అందుకుంది.

"మొక్కు నాది. నేనే చల్లుత."

వంగి, మండ ముంచి, మెడ మీద మెల్లగా చల్లింది. ఎర్రది మెడ సాచింది. కన్ను మూసుకుంది. అంతే, ఇక కదల్లేదు. అమ్మ మళ్ళీ చల్లింది. రెక్కలు కొంచెం ఎడం చేసి, చంకలు కూడా తడపమన్నట్టు నిలబడింది. మూడోసారి చల్లేసరికి ఎర్రది తీరుబడిగా గుడి ముందు కూర్చుంది. వెనక వరుసలో వాళ్ళకు ఓపిక పోయింది. ఒకామె అది బతికే ఉందా అని అడిగింది. మరొకాయన ఇంకో చెంబు పొయ్యమన్నాడు. నేను నోరు తెరిస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలియక పళ్ళు బిగబట్టుకున్నాను.

గుడి మనిషి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "అమ్మ తీసుకుంటలేదు. మీ మొక్కు ముట్టినట్టే, కోడిని ఇంటికి తీస్కపోండ్రి."

అమ్మ బోనం దించి, చేతులు జోడించి, చాలాసేపు మొక్కింది. లేచినప్పుడు ఆమె మొహంలో బరువు దిగిన జాడ కనిపించింది. కాక జేబులో పొట్లం తడుముకుంటూ మరి మసాలా సంగతేంటని అడిగాడు. ఆ పూటకది ఆలుగడ్డలకు పోయింది.

ఆటోలో నేను ఉండబట్టలేక అడిగాను. నీళ్ళు గుడి మనిషి చల్లితే దులుపుకునేదేమో కదా, చెంబు నువ్వెందుకు అందుకున్నావన్నాను. అమ్మ రోడ్డు వైపు చూస్తూ, ఎర్రదాని వీపు నిమిరింది.

"రోజు నువ్వు చల్లేది నేను జూస్తలేనా?"

ఇంట్లో అందరికన్నా మొండిదనీ, కోడిని కోయించేదాకా నిద్రపోదనీ నేను ఆమె గురించి నెల రోజులు మా ఆవిడ దగ్గర గొణిగాను. సిగ్గుతో ఆటో దిగేదాకా తల ఎత్తలేదు.

ఎర్రది ఆ తర్వాత ఐదు నెలలు బతికింది. పుష్యమాసం చలిలో ఓ పొద్దున గూడు తెరిస్తే, రెక్కలో తల పెట్టుకుని అట్లాగే ఉంది. పక్కనే నల్లది ఆనుకుని కూర్చుంది. నేను పెరట్లోనే ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషి కోడి కోసం ఏడ్చాడని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు, ఏడేళ్ళు నా కాలికి పూచీ పడిన ప్రాణి అది. ఆ రోజు షిఫ్టుకు పోలేదు. బోడమెడదాని పక్కనే గొయ్యి తీశాను. మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డ తెచ్చింది. కాక ఈసారి వట్టి చేతులతో వచ్చి మట్టి వేశాడు. దాని కాలి దారం అమ్మ విప్పనివ్వలేదు.

"పోచమ్మే ఇంటికొచ్చి తీస్కపోయింది," అంది. కొంగు దులుపుకుని, "మనకు ఆటో కిరాయి తప్పింది," అంది.

ఈ ఎండాకాలం మొదటి రోజు షిఫ్టు దిగి వచ్చి, అలవాటు కొద్దీ చెంబూ వేపమండా పట్టుకుని పెరట్లోకి పోయాను. నల్లది ఒక్కతే వచ్చి నిలబడింది. నీళ్ళు పడీ పడగానే తల నుంచి తోక దాకా, ఏ అమ్మవారైనా మెచ్చేంత గట్టిగా ఒళ్ళంతా దులుపుకుంది. నేను హడలిపోయి గుమ్మం వైపు చూశాను. అమ్మ అక్కడే కూర్చుని ఉంది. నా కళ్ళు తన మీద పడగానే తల పక్కకు తిప్పుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది.