కొమ్ము మీద గీతలు

చిట్టెమ్మకు పళ్ళు ఊడాయి గాని నోరు ఊడలేదు. తిరువూరులో ఆ నోటికి జడిసి పక్కకు తప్పుకున్నవాళ్ళే తప్ప ఎదురు నిలిచినవాళ్ళు లేరు. ఎనిమిదిమందిని కన్నది, అయిదుగుర్ని దక్కించుకుంది. మొగుడు అంతోనయ్య పోయాక కూడా కౌలు పొలాన్ని ఒక్క ఏడు బీడు పెట్టలేదు. పురిటి స్నానం చేసిన మర్నాడే నాట్లకు దిగానని చెప్పుకునేది. అబద్ధం కాదు. కాకపోతే ఆ మాట కోడలు ప్రమీలారాణి ఇంట్లో ఉన్నప్పుడే చెప్పేది, అదీ గొంతు పెంచి.

చిట్టెమ్మ కొడుకు బాలశౌరికీ ప్రమీలారాణికీ వరసగా ముగ్గురు ఆడపిల్లలు. చిన్నది ఇంకా చంటిది. ప్రమీలారాణి బావి దగ్గర బిందె ఎత్తబోయి కళ్ళు తిరిగి పడిపోయేది. జడ విప్పితే దువ్వెన నిండా వెంట్రుకలే. పాతికేళ్ళు నిండీ నిండని మనిషిని చూసి కొత్తవాళ్ళు, ఈమె బాలశౌరికి అక్కా అని అడిగేవాళ్ళు. అయినా బాలశౌరి పట్టు వదల్లేదు. వచ్చే ఏటికల్లా మగపిల్లాడు పుట్టాల్సిందేనని క్రిస్మసుకు వచ్చిన చుట్టాల ముందే అనేశాడు. తల్లి అడ్డు చెప్పలేదు సరిగదా, ఇంకాస్త ఆజ్యం పోసింది.

"మా కాలంలో కాన్పయితే కళ్ళు తిరిగేవి కాదమ్మా. కాళ్ళు తిరిగేవి, పొలానికి!"

చుట్టాలు నవ్వారు. ప్రమీలారాణి నవ్వలేదు.

డెబ్బై అయిదో సంవత్సరం ఎండాకాలంలో బాలశౌరి గంపలగూడెం వైపు నుంచి ఒక గేదెను కొని తోలుకొచ్చాడు. ఇంటి ముందు నిలబెట్టి, "రెండో ఈతదమ్మా! ఎట్టా నిగనిగలాడతందో చూడు" అన్నాడు.

చిట్టెమ్మ నిగనిగలు చూడలేదు. నేరుగా వెళ్ళి కొమ్ము మొదలు పట్టుకుంది. ఈత ఈతకూ, అంటే ఈనిన ప్రతిసారీ, కొమ్ము మీద ఒక గీత పడుతుంది. బొటనవేలితో తడిమి గేదె వయసు చెప్పటం ఆమెకు పుట్టింట్లోనే పట్టుబడింది. ఇప్పుడు వేలికి ఒక్క గీతా తగల్లేదు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదం వాసన.

"ఒరేయ్, రెండు ఈతలకి రెండు గీతలన్నా ఉండాలిగా? ఇదేంట్రా, పెళ్ళికూతురి చెయ్యిలాగా ఉంది?"

"లేతది కదమ్మా."

"లేతదా! గాజుపెంకుతో గీకి ఆముదం పూసిన కొమ్మురా ఇది. ఏదీ, నోరు తెరువు."

బాలశౌరి దవడ పట్టి తెరిచాడు. ముందు పళ్ళు సగానికి అరిగి ఉన్నాయి.

"గీతలు చెరిపినోడు పళ్ళు మొలిపించలేకపోయాడు, పాపం" అంది చిట్టెమ్మ.

గేదె పొద్దుటికి లేవనని మొరాయించింది. కొడుకు ముందు పగ్గం పట్టుకుని లాగుతుంటే, చంటిదాన్ని చంకనేసుకుని కోడలు వెనకనుంచి అదిలిస్తుంటే, చిట్టెమ్మ పక్కన తిట్లతో నడిపించింది. అలా పశువుల ఆసుపత్రికి చేరారు. డాక్టరు జగన్నాథరావు కళ్ళూ నోరూ చూసి, పక్కటెముకలు తడిమాడు.

"జబ్బేం లేదు మామ్మా. కనపడేటంత ముసలిది కూడా కాదు. ఊపిరి సలపనియ్యకుండా ఈనించి అరగదీశారు. అసలు కొమ్ము మీద గీత ఎందుకు పడుద్దో తెలుసా? చూలుతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ తల్లి తిన్నదంతా దూడకే పోద్ది. కొమ్ముకి మిగలదు. ఆ కాలంలో పెరిగిన కాస్త కొమ్మూ సన్నబడి గీతవుద్ది. కొమ్ము బయట ఉంది గనక మనకి తెలుస్తంది. లోపల ఎముకలకీ అదే గతి."

చిట్టెమ్మ మెట్టు మీద చతికిలబడింది. "అది సరే బాబూ. చిన్నప్పుడు పాలపళ్ళు ఊడితే మళ్ళీ మొలిపించిన ఒళ్ళేగా ఇది? ముసలప్పుడు ఎందుకు మొలిపించదు? దానికేం రోగం?"

డాక్టరు నవ్వాడు. "మరమ్మతుకీ తిండే కావాలి మామ్మా, పిల్లలకీ ఆ తిండే కావాలి. ఎలుకను తీసుకో. పిల్లి గాని పాము గాని నేడోరేపో దాన్ని మింగుద్ది. ఒళ్ళు బాగుచేసుకుంటూ కూర్చుంటే పిల్లల్ని ఎప్పుడు కంటది? అందుకని ఉన్నదంతా పిల్లలకే ఖర్చు పెడుద్ది. తరాల తరబడి అదే అలవాటై, ఇప్పుడు ఎవరూ మింగకపోయినా రెండు మూడేళ్ళకే ముసలిదైపోద్ది. తాబేలుకు డిప్ప కాపలా ఉంది. తీరిగ్గా ఒళ్ళు చూసుకుంటూ ఏళ్ళ తరబడి బతుకుద్ది."

"అంటే ఎలుక కౌలుదారు, తాబేలు ఆసామీ!" అంది చిట్టెమ్మ. "ఏడాది కౌలుకు దున్నేవాడు గట్టేస్తాడా, చెరువుమట్టి తోలతాడా? పండినకాడికి పండించుకుని పోతాడు. మేం చేసిందదే."

"బాగా చెప్పావు."

"మరి గేదె చచ్చేదాకా ఈనుతూనే ఉంటదిగా. మనుషుల్లో ఆడదానికి కాన్పులు మధ్యలో ఎందుకు ఆగిపోతాయి?"

"అది ఇంకా గట్టిగా తేల్చలేదు మామ్మా. కొందరు అనేదేంటంటే, మనిషి బిడ్డ చేతికందటానికి ఏళ్ళు పడుద్ది. పెద్దతనంలో ఇంకో బిడ్డను కని, దాన్ని దిక్కులేనిదాన్ని చేసి పోయేకంటే, ఉన్న పిల్లల్నీ వాళ్ళ పిల్లల్నీ సాకితే ఎక్కువమంది బతుకుతారు. అందుకే నాయనమ్మలు మిగిలారంట."

చిట్టెమ్మ లేచి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డ కోడలి దగ్గరికి వెళ్ళింది. నడిబజారు మీదుగా రావాలి గనక ప్రమీలారాణి పొద్దున్నే పౌడరు రాసుకుంది. చెమటకు అది చారలు కట్టింది. కొమ్ము తడిమిన బొటనవేలితోనే చిట్టెమ్మ ఆ చెంప తుడిచింది. పౌడరు కింద ఎముక తగిలింది.

దారిలో బాలశౌరి పళ్ళు నూరాడు. "ఆ బేరగాడి అంతు చూస్తా."

"తర్వాత చూద్దువుగాని. ముందు నే చెప్పేది విను. ఈ ఏడు గేదె ఎదకొచ్చినా దున్నపోతు దగ్గరికి తోలబాక. తెలగపిండి పెట్టి ఒళ్ళు చెయ్యనియ్యి."

"సరే."

"రేపు కోడల్ని ఎ.కొండూరు బస్సెక్కిస్తున్నా. చంటిదాంతో వాళ్ళమ్మ దగ్గర ఉంటది. పెద్దపిల్లలిద్దరూ నా దగ్గరే."

"ఎన్నాళ్ళు?"

"గేదెకు చెప్పిన గడువే."

బాలశౌరి నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "మరి మగపిల్లాడు?"

"ముందు గట్టెయ్యరా. పంట సంగతి తర్వాత."

"ఇంట్లో ఇంత పని ఎవరు చేస్తారమ్మా?"

"నాకు కాన్పులు ఆగింది ఎందుకనుకున్నావు? డాక్టరు చెప్తంటే చెవులు ఎక్కడ పెట్టావు?"

వెనకనుంచి ప్రమీలారాణి మెల్లిగా అడిగింది. "మరి అత్తా, మీరు పురిటి స్నానం చేసిన మర్నాడే పొలానికి వెళ్ళారుగా?"

"వెళ్ళా." చిట్టెమ్మ వెనక్కి తిరిగి నోరు బార్లా తెరిచింది. "ఎన్ని మిగిలాయో చూడవే."

ప్రమీలారాణి ఆపుకోలేకపోయింది. అత్త మొహం మీదే పకపకా నవ్వింది.

"నవ్వు, నవ్వు" అంది చిట్టెమ్మ, చంటిదాన్ని ఆమె చంకలోంచి లాక్కుంటూ. "పళ్ళున్నప్పుడే నవ్వాలి."