అవ్వ ఫోల్డరు

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. నిన్నమొన్నటి దాకా ముందుగదిలో నాలుగు సాంచాలు, వెనకగదిలో మేము. మరమగ్గాలను మా దగ్గర సాంచాలనే అంటారు. అవి నడుస్తుంటే పక్కనున్న మనిషితో కూడా గొంతు చించుకుని మాట్లాడాల్సి వచ్చేది. ఖానాపూర్ బడిలో టీచరుగా చేరిన మొదటి వారమే హెడ్మాస్టరు పిలిచి, పిల్లల్ని అంతలా తిట్టొద్దమ్మా అన్నారు. నేను తిట్టలేదు. హాజరు తీసుకున్నాను.

ఆ సాంచాల ముందు ముప్పై ఏళ్లకు పైగా నిలబడ్డాక మా బాపు చెవులు పోయాయి. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాం మేము. సాంచాలు కూడా పోయాయనుకోండి, అది వేరే మాట. చెవి మిషన్ ఇప్పిస్తే ఒక్క పూట పెట్టుకుని తీసేశాడు. "మాట ఇనవస్తలేదు గని ఫ్యాన్ తిరుగుడు మాత్రం మస్తు ఇనవస్తుంది" అన్నాడు.

ఆయన చెవిలోకి మళ్లీ మాట ఎక్కించిన ఘనత ఒక నల్ల డబ్బాది. హోమ్ మీడియా సర్వర్ అంటారు. పాటలు, వీడియోలు అన్నీ అందులో దాచుకుని టీవీలో పెట్టుకోవచ్చు. బాపుకు ఇష్టమని ఒగ్గుకథల రికార్డులు నింపి ఇచ్చాను. గొంతును మామూలుకంటే మూడింతలు పెంచే సౌకర్యం అందులో ఉండేది. కంపెనీ దాన్ని ఎవరి కోసం పెట్టిందో గానీ మా బాపును చూసే పెట్టినట్టుంది. కథ మొదలవగానే బాపు లేచి కూర్చుని, "మాటలు ఇనవడ్తున్నయి బిడ్డా!" అని అరిచాడు.

అవ్వ బీడీలు చుడుతూ చూసింది. "కథ చెప్పెటాయన మాట ఇనవడ్తది గని, నా మాట ఇనవడదా?"

అదే మొదలు. బాపుకు చదువు రాదు కాబట్టి అవ్వ ఫొటో పెట్టి ఒక ఫోల్డరు చేశాను. అవ్వ తన పాత ఫోన్లో మాట రికార్డు చేసి డబ్బాకు పంపుతుంది. బాపు రిమోట్‌తో ఆ ఫొటో మీద నొక్కితే అవ్వ మూడింతల గొంతుతో మాట్లాడుతుంది. ప్రేమ కబుర్లేమీ కావు. "వక్కలు తెమ్మంటె ఆకులు తెచ్చినవ్." "తునికాకు మీద కూసున్నవ్, లే." మెట్‌పల్లిలో మా వాడకట్టుకు మా ఇంటి కూరేమిటో రోజూ తెలిసేది. ఎదురింటావిడ వాకిట్లోంచే జవాబిచ్చేది కూడా.

ఒక ఆదివారం టీవీ మీద సందేశం వచ్చింది. చాలాకాలంగా మాతో ఉన్న మీకోసం కొత్త వెర్షన్, ఉచితంగా, అని. ఇన్నేళ్ల ఉద్యోగంలో మా శాఖ నన్ను ఒక్కసారీ అలా పలకరించలేదు. మురిసిపోయి సరే నొక్కి, ఎప్పటిలా వారం రోజులకు ఖానాపూర్ బస్సెక్కాను.

సోమవారం అవ్వ ఫోన్ చేసింది. "డబ్బా గొంతు పడిపోయింది. మీ బాపుకు ఒక్క ముక్క ఇనవడ్తలేదు. నువ్వు బాగ జేసినంక మాట్లాడుత తియ్."

వారమంతా మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కస్టమర్ కేర్‌తో యుద్ధం చేశాను. అవతలి అమ్మాయి ఎంత మర్యాదస్తురాలంటే తిట్టడానికి సందు దొరకలేదు.

"మీ చెవుల భద్రత కోసమే శబ్దానికి పరిమితి పెట్టాం మేడమ్."

"ఆ చెవులు ఎప్పుడో పోయాయమ్మా. ఇక దేన్ని కాపాడతారు?"

"మీలాంటి పాత కస్టమర్లే మా బలం మేడమ్."

పాత వెర్షన్ మాత్రం తిరిగి ఇవ్వరట. పాత డబ్బా ఇచ్చేసి కొత్త డబ్బా తీసుకోమంది.

శనివారం ఇంటికొచ్చేసరికి అవ్వ లేదు, బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. ఆమె చాట పక్కన బాపు తెచ్చిపెట్టిన వక్కల పొట్లం, విప్పకుండా ఉంది. బాపు నన్ను కూర్చోబెట్టి గుసగుస అనుకుని గట్టిగా అడిగాడు.

"బిడ్డా, మీ అవ్వ నాతోని ఎందుకు మాట్లాడ్తలేదు? నేనేం తప్పు జేసిన?"

డబ్బా చెడిపోయిందని చేతులతో చెప్పబోయాను. ఆయన రిమోట్ తీసుకుని అవ్వ ఫొటో మీద నొక్కాడు. లోపల ఏమీ లేదు.

"సూడు. అన్ని తుడిపేసింది. తిట్లు గూడ ఉంచలే."

అప్పుడర్థమైంది. అవ్వ పాత ఫోన్లో చేసిన రికార్డులు కొత్త వెర్షన్‌కు పొసగలేదు. తాను వినిపించలేనివాటిని అది చూపించడం కూడా మానేసింది. నేను వారమంతా గొంతు గురించే కొట్లాడాను తప్ప, ఆ తెర మీద మా బాపుకు ఏం కనబడుతోందో ఒక్కసారైనా అడగలేదు. అవ్వ మాట్లాడకుండా కంచం ముందు పెట్టి పోతుంటే, ఆరు రోజులు ఆ మనిషి నేరం చేసినవాడిలా తిన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అవ్వ వచ్చాక చెప్పాను. ముందు పకపకా నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాట పక్కనున్న వక్కల పొట్లం విప్పింది.

మర్నాడు పొద్దున్నే నిర్మల్ పోయాను. అక్కడి రిపేరు దుకాణంలో, కొత్తవి కొన్నవాళ్లు ఇచ్చేసిన పాత డబ్బాలు కుప్పగా ఉన్నాయి. "అందరు కొత్తది కొంటుండ్రు, మీరేంది మేడం, ఎనుకకు పోతుండ్రు?" అన్నాడు దుకాణదారు. పాత వెర్షనే ఉన్న, మా డబ్బా లాంటిదే ఒకటి తెచ్చి మా హార్డ్ డిస్క్ తగిలించాను. అవ్వ తిట్లన్నీ చెక్కుచెదరకుండా తెర మీదికొచ్చాయి. బాపు ఒక్కొక్కటే రిమోట్‌తో దాటుకుంటూ చూశాడు గానీ నొక్కలేదు. అవ్వకు తన మీద కోపం లేదని ఇంకా నమ్మకం కుదరలేదు.

అవ్వ ఫోన్ తీసుకుని వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఫోల్డర్లో కొత్తది వచ్చింది. బాపు నొక్కాడు.

"ఇగో, ఇంటున్నవా? నేనేం తుడిపెయ్యలే. గా డబ్బా ఖరాబైంది. నీతోని మాట్లాడకుంట నేను గీ ఇంట్ల ఎవలతోని మాట్లాడుత? ఆర్రోజులు నాకు బువ్వ సయించలే."

మూడింతల గొంతుతో. ఎదురింటావిడ ఆ ఒక్కసారి జవాబివ్వలేదు. అవ్వ వంటింటి తలుపు వేసుకుంది. బాపు మళ్లీ నొక్కాడు.

ఇప్పుడు రోజూ చాయ్ తాగుతూ అదే పెట్టుకుంటున్నాడు. పోయిన శనివారం అవ్వ నన్ను పక్కకు పిలిచింది. "బజార్ల పోతుంటె అందరు నవ్వుతుండ్రు బిడ్డా. గదొక్కటి తుడిపెయ్యరాదా?"

"ఈ వెర్షన్‌లో ఆ సౌకర్యం లేదవ్వా" అన్నాను.

రిమోట్ మీద ఎర్ర బటన్ నొక్కితే చాలు, పోతుంది. తప్పుగా రికార్డయినవాటిని అవ్వ ఇన్నేళ్లుగా అలాగే తీసేస్తోంది.