షట్టరు దించిన షెడ్డులో ముక్కన్న

ఏ కారుకైనా లీకు దొరక్కపోతే ఆ మెకానిక్ షెడ్డులో చేసే పని ఒకటే. ముందు ఫ్యాను ఆపేవాళ్ళు. తర్వాత ఇంజను స్టార్టు చేసి, ముక్కన్నను లోపల వదిలేసి, షట్టరు దించి బయట నిలబడేవాళ్ళు. గాలి ఆడితే వాసన చెదిరిపోతుందట. చెదరకపోతే అతను పసిగడతాడట. కాసేపటికి లోపలినుంచి షట్టరు మీద చరిచిన చప్పుడు వినపడేది. లేపితే పొగతో పాటు ముక్కన్న బయటికొచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, "కింది హోసు, క్లిప్పు దగ్గర" అనేవాడు. చూస్తే లీకు అక్కడే ఉండేది.

ఇది ఒకనాటి మాట కాదు. మీసాలు సరిగ్గా రాని వయసులో చేరిన మనిషి, ఆ మీసాలు నెరిసేదాకా ఇలాగే లోపలికి వెళ్ళి వచ్చాడు. నిజానికి ఈ పనికి ఒక చేతి పంపు ఉంటుంది. రేడియేటరు మూత తీసి, అక్కడ దాన్ని బిగించి గాలి కొడితే, లీకున్న చోటునుంచి నీళ్ళు చిమ్ముతాయి. పంపు మీది మీటరు ముల్లు పడిపోతుంది. షట్టరు తెరిచే ఉండొచ్చు, ఫ్యాను తిరుగుతూనే ఉండొచ్చు. ముక్కన్న ఆ పంపు కావాలని అడిగాడు కూడా. ఓనరు నవ్వి భుజం తట్టాడు. "దేవుడిచ్చిన మిషను నీ మొహానే ఉంటే ఇంకొకటెందుకురా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ముక్కన్న కూడా నవ్వాడు. పొగడ్త అనుకుని మెడలో వేయించుకున్నది పలుపుతాడని అప్పుడతనికి తెలియలేదు. తెలిశాక కూడా నోరెత్తలేదు. మనవాళ్ళకి అదొక జబ్బు. మెచ్చుకున్నవాణ్ణి మనం ఏమీ అడగలేం.

ఆ ముక్కు గొప్పదే, కాదనను. కాలిన క్లచ్చు, కారిన బ్రేక్ ఆయిలు, కరిగిన వైరు, దేని వాసన దానిదే అతనికి. ఇంజన్ని చల్లబరిచే కూలెంటుది తీపి వాసన, స్టవ్ మీద మరిచిపోయిన ముదురు పాకం లాంటిది. బోనెట్టు ఎత్తకముందే చెప్పేసేవాడు. అందుకే అసలు పేరు మరుగున పడి, పిల్లల స్కూల్లో కూడా "ముక్కన్నగారి అబ్బాయి" అనే స్థితికి వచ్చింది.

ఆ ముక్కు ఎప్పుడు పోయిందో అతను కూడా చెప్పలేడు. చెవులు పోతే పక్కవాడు అరుస్తాడు, కళ్ళు పోతే గడప తగులుతుంది. ముక్కు పోతే ఎవరికీ తెలియదు. అది మెల్లగా, చెప్పాపెట్టకుండా పోతుంది. ముందు తెలిసింది అతని భార్యకి. ఒక ఉదయం ఆమె డాబా మీద బట్టలు ఆరేసి కిందికి వచ్చేసరికి వంటిల్లంతా మాడు వాసన. పాలు మాడి గిన్నె నల్లబడింది. ముక్కన్న స్టవ్వుకి వీపు పెట్టి కూర్చుని, షూ లేసు చిక్కు తీసుకుంటున్నాడు.

"ముక్కు షెడ్డులో పెట్టి వచ్చావా ఏంటయ్యా?" అని వేళాకోళమాడింది. అతను నవ్వలేదు. తల కూడా ఎత్తలేదు. ఆమెకి అనుమానం వచ్చింది. ఫినాయిలు సీసా తెచ్చి, మూత తీసి, అతని ముక్కు కింద పెట్టింది.

"ఏం తెలుస్తోంది?"

"చల్లగా ఉంది," అన్నాడు.

ఆమె సీసా పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆసుపత్రికి వెళ్దామని పోరింది, ఓనరుకి చెప్పమని పోరింది. అతనిది ఒకటే మాట. "ముక్కులేని ముక్కన్నని ఎవడు ఉంచుకుంటాడే?" ఈ వయసులో ఇంకో షెడ్డు గుమ్మం ఎక్కితే, నీకేం వచ్చు అని అడుగుతారు. ఏం చెప్పాలి? అదీ అతని భయం.

అప్పటినుంచి తేలు కుట్టిన దొంగలా బతికాడు. వాసనతో పట్టేది వేళ్ళతో పట్టడం నేర్చుకున్నాడు. హోసులకి, జాయింట్లకి పౌడరు చల్లి, తెల్లటి పౌడరు మీద తడి చార ఎక్కడ పడుతుందా అని టార్చి వేసి చూసేవాడు. ఆలస్యమయ్యేది కానీ పని జరిగేది. షట్టరు దించినప్పుడు మాత్రం నేను వెళ్ళను అనలేదు. అంటే గుట్టు బయటపడుతుంది. ఏ వాసనా తెలియని మనిషి, వాసన చూస్తున్నట్టు కనిపించడం కోసం ఆ పొగలో నిలబడి దగ్గేవాడు. దీన్ని ఉద్యోగం అంటారా? నేననను.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకి అంటుకున్నట్టుండే నడుం. దాంట్లోకి ఎక్కడం అంటూ ఉండదు, దిగడమే. తెచ్చింది కళ్ళద్దాల షాపు నడిపే పెద్దావిడ. షెడ్డులో అందరికీ అద్దాలావిడ. కారు ఆవిడ అన్నగారిది, ఆయనా దాన్ని ఈ షెడ్డుకే తెచ్చేవాడు. ఆయన పోయాక, ఇంట్లో అందరూ అమ్మేయమన్నా వినకుండా ఆవిడే నడుపుతోంది. ఈ మధ్య కూలెంటు తగ్గిపోతోంది. పోస్తే మళ్ళీ తగ్గుతోంది. కింద నేల మీద చుక్క లేదు. ఆవిడ ఓనరుతో ఇంకో రెండు మాటలు కూడా చెప్పింది. హీటరు వేస్తే లోపల ఏదో తియ్యటి వాసన వస్తోందని, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతోందని. అద్దాలు తుడవడమే వృత్తి కాబట్టి ఆ పొర ఆవిడ కంటపడింది.

"మా ముక్కన్నకి అవన్నీ చెప్పక్కర్లేదు మేడమ్," అన్నాడు ఓనరు. అన్నట్టే చెప్పలేదు. "నీళ్ళు తగ్గుతున్నాయట, ఎక్కడా కారట్లేదట, చూడు," అని తాళంచెవి చేతిలో పడేశాడు.

ముక్కన్న చూశాడు. రేడియేటరు పొడి. హోసులు పొడి. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది, పంపు అరిగితే అక్కడినుంచి కారుతుంది, అదీ పొడి. పౌడరు చల్లితే చల్లినట్టే ఉంది. రేడియేటరు మూత మార్చినా నీళ్ళు తగ్గడం ఆగలేదు. ఇక షట్టరు దించారు. కారులో కూర్చుని, అద్దాలెక్కించి, హీటరు వేసుకుని ఊపిరి పీల్చాడు. ఏమీ తెలియలేదు. తెలియదని తెలిసి కూడా, అలవాటు మనిషిని ఎంత మోసం చేస్తుందో చూడండి, "లోపల ఏమీ లేదు" అని మనసులో కొట్టేశాడు. బయట కారట్లేదు, లోపల లేదు, మిగిలింది ఇంజనే. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, కింద ఉండే హెడ్ గాస్కెట్ పోయి, ఇంజనే నీళ్ళు తాగేస్తోందని తేల్చాడు.

గాస్కెట్ అంటే ఇంజను పైభాగం విప్పాలి. ఓనరు కబురు చేస్తే అద్దాలావిడ వచ్చింది. విప్పాక మళ్ళీ ఇలాగే ఉంటుందా అని అడిగింది. ఓనరు ఏం పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. ముక్కన్నకి తెలుసు. ఏళ్ళ తరబడి కదలని బోల్టులు, మెత్తటి పాత లోహం. ఒక్కటి లోపలే విరిగిందంటే ఆ ఇంజను మళ్ళీ లేవకపోవచ్చు. అలాంటి హెడ్డు ఇప్పుడెవరూ పోతపోయడం లేదు. ఆవిడ బోనెట్టు మీద చెయ్యి వేసి, ముక్కన్న వైపు తిరిగింది.

"మా అన్నయ్య ఈ ఇంజన్ని ఒక్కసారి కూడా విప్పనివ్వలేదు బాబూ. మీరంటే మాత్రం ఆయనకి గురి. మీరు విప్పాలంటే విప్పండి."

ముక్కన్న తల ఊపి పనిలోకి దిగాడు. ముందు స్పార్క్ ప్లగ్గులు తీశాడు. నీళ్ళు లోపలికి వెళ్తుంటే ఏదో ఒక ప్లగ్గు కడిగినట్టు మెరవాలి. అన్నీ ఒకేలా లేత గోధుమరంగులో, పొడిగా ఉన్నాయి. ఆయిలు చూశాడు, నీళ్ళు చేరితే పాలు కలిసినట్టు తెల్లబడాలి, శుభ్రంగా ఉంది. అంతకుముందు స్టార్టు చేసినప్పుడు సైలెన్సరు నుంచి తెల్లటి పొగ రాలేదని కూడా గుర్తొచ్చింది. నీళ్ళు తాగిన ఇంజను మూతి తుడుచుకుని తప్పించుకోలేదు. ఇది తాగలేదు.

స్పానరు మొదటి బోల్టు మీద పెట్టి అలాగే నిలబడ్డాడు. పక్కన వైర్లు కలుపుతున్న ఎలక్ట్రీషియన్ చూసి, "ఏంటన్నా, బోల్టు దగ్గర దీవెనలు తీసుకుంటున్నావా?" అన్నాడు. ముక్కన్న వినలేదు. తను కంటితో చూడకుండా, చేత్తో తడమకుండా వదిలేసింది ఎక్కడ అని వెతుక్కుంటున్నాడు. ఒక్కచోటే. కారు లోపల. అక్కడ పోయిన ముక్కునే నమ్మాడు.

స్పానరు కింద పెట్టి కారులోకి దూరాడు. పక్క సీటు దగ్గర రబ్బరు మ్యాటు, దాని కింద తివాచీ, రెండూ పొడిగానే ఉన్నాయి. తివాచీ అంచు పీకి కిందున్న మందపాటి స్పాంజి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి తడి పొంగింది. తెల్లగుడ్డతో అద్దితే కూలెంటు లేతపచ్చ రంగు అంటింది. డాష్‌బోర్డు వెనక హీటరుకి ఒక చిన్న రేడియేటరు ఉంటుంది. అదే చిల్లిపడింది. కారిందంతా స్పాంజి తాగుతోంది, ఆవిరి అద్దానికి జిడ్డై అంటుతోంది. బయట చుక్క ఎలా పడుతుంది? ఇంకో అరపూట గడిచి ఉంటే, ఏ తప్పూ చేయని ఇంజను బల్ల మీద ముక్కలై ఉండేది.

ప్లగ్గులు తిరిగి బిగించాడు. డాష్‌బోర్డు విప్పి, ఆ చిన్న రేడియేటరు తీసి, మాట్లు వేసేవాడి దగ్గరికి తనే తీసుకెళ్ళి, దగ్గరుండి వేయించి తెచ్చాడు. ఓనరు ఆనందం చెప్పక్కర్లేదు. కారు తీసుకెళ్ళడానికి అద్దాలావిడ వచ్చేసరికి, అక్కడున్న మరో కస్టమరుకి కూడా వినపడేలా, ముక్కంటే మా ముక్కన్నదే, ఇంజను విప్పకుండానే వాసనతో పట్టేశాడని మొదలుపెట్టాడు.

ఆవిడ సంతోషించింది. తర్వాత అడిగింది. "వాసన వస్తోందని మొదటిరోజే చెప్పాను కదండీ. హీటరు వేస్తే నాకు తల తిరిగిపోయేది. ఈయన అద్దాలెక్కించుకుని అంతసేపు కూర్చున్నారట. మరి అప్పుడెలా తెలియలేదు?"

ఓనరు తడుముకోలేదు. "ఆ రోజు వాడికి జలుబు మేడమ్."

మాట సిద్ధంగా ఉంది. తల ఊపితే చాలు, రేపు ఎప్పటిలాగే గడిచిపోతుంది. కానీ ముక్కన్నకి ఆ బోల్టు మీద పెట్టిన స్పానరు కళ్ళ ముందే ఉంది. ఈసారి కూలెంటు. రేపు పెట్రోలు కారుతున్న బండిని చూసి, ఏం లేదు పొమ్మంటే? ఆ బండిలో పిల్లలుంటే?

"జలుబు కాదమ్మా," అన్నాడు. "నాకు వాసన పోయి చాలా కాలమైంది. ఏదీ తెలియదు. ఈ పొగలోనే పోయింది. మీ కారు ఇంజను అనవసరంగా విప్పబోయాను. తప్పు నాది."

అద్దాలావిడ కోప్పడలేదు. డాక్టరుకి చూపించుకున్నారా అని మాత్రం అడిగింది. లేదంటే, తన షాపు పక్కనున్న చెవి ముక్కు డాక్టరు దగ్గరికి రేపు తనే తీసుకెళ్తానంది. ఆవిడ వెళ్ళాక ఓనరు ముక్కన్నను పక్కకి పిలిచాడు. తిడతాడనుకున్నాడు. తిట్టలేదు. తల వంచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నాకు తెలుసురా. అప్పుడెప్పుడో పెయింటు థిన్నరు డబ్బా ఒలికి మేమంతా బయటికి పరిగెత్తితే, నువ్వు పక్కనే కూర్చుని అన్నం తింటున్నావు. అడిగితే నువ్వు ఒప్పుకుంటావు. ఒప్పుకుంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు. అందుకే ఊరుకున్నాను."

తెలిసి కూడా షట్టరు దించాడు. దుర్మార్గుడేం కాదు, ముక్కన్న కూతురి పెళ్ళిలో వడ్డించిన మనిషి. మన పని చోట్ల జరిగే అన్యాయాల్లో సగం ఇలా ఊరుకున్న మంచివాళ్ళ చేతుల మీదే జరుగుతాయి.

డాక్టరు పరీక్ష చేసి, ఏళ్ళ తరబడి పొగ, థిన్నర్ల ఘాటు పీలిస్తే ఇలా కావచ్చని, ఇదే కారణమని ఖాయంగా చెప్పలేనని, తిరిగి రావడం మాత్రం కష్టమని అన్నాడు. మందిచ్చాడు. పొగకి దూరంగా ఉండమన్నాడు. తర్వాత మరో కారుకి లీకు దొరకలేదు. ఓనరు అలవాటుగా షట్టరు వైపు చూశాడు. ఎలక్ట్రీషియన్ వెళ్ళి షట్టరు కింద అడ్డంగా నిలబడి, "ఇక దించేది లేదు సార్, దించితే అందరం పని ఆపి బయటే ఉంటాం," అన్నాడు. పెయింటరు లేచి ఫ్యాను వేశాడు. ఓనరు బండి తీసుకుని పనిముట్ల షాపుకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో పంపు ఉంది.

ముక్కన్న ఉద్యోగం పోలేదు. ఇప్పుడు ఆ పంపుతో, వేళ్ళతో, టార్చితో లీకులు పడుతున్నాడు. పోయింది మాత్రం పోయింది. మొన్న మనవరాలికి తలంటి పోసి ఒళ్ళో కూర్చోబెడితే, ఆ మెత్తటి జుట్టులో మొహం పెట్టి చాలాసేపు ఉన్నాడట. "వెచ్చగా ఉందే," అన్నాడట భార్యతో. ఈ మాట నాకు చెబుతూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చదివి జాలిపడి పేజీ తిప్పేయకండి. మీ కారో బైకో ఏదో ఒక షెడ్డుకి వెళ్తుంది కదా. ఈసారి తాళంచెవి ఇచ్చేసి బయట ఫోను చూసుకుంటూ కూర్చోకుండా, లోపలికి నడవండి. ఇంజను నడుస్తున్నప్పుడు పొగ బయటికి పోయే గొట్టం సైలెన్సరుకి తగిలించారా, గాలి ఆడుతోందా, లీకు చూడటానికి పంపు ఉందా అని ఓనరుని అడగండి. లేవంటే, తెప్పించండి, అప్పుడే మా బండి ఇక్కడికి వస్తుందని చెప్పండి. పనివాడు అడిగితే నవ్వేసే ఓనరు, కస్టమరు అడిగితే వింటాడు. మీ బండిలో వాసనో చప్పుడో తేడాగా ఉంటే, దాని మీద పనిచేసే మనిషికే నేరుగా చెప్పండి. మీరే ఆ పనిలో ఉండి, వాసన తగ్గినట్టు అనిపిస్తే, దాచకండి. డాక్టరుకి చూపించుకోండి, పక్కవాడికి చెప్పండి. ఒక్కసారి అడిగితే పని కాకపోవచ్చు. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి.