మా పొట్టి నిలబెట్టిన సొంత గదులు

మా చెల్లెలి కూతుర్ని మేమంతా పొట్టి అంటాం. ఎత్తు చూసి పెట్టిన పేరది. చేసిన పనులు చూస్తే బొత్తిగా నప్పదు. మా ఇళ్లల్లో సైకిలెక్కిన మొదటి ఆడపిల్ల తనే. కాలేజీ గడప తొక్కిందీ తనే. ఇప్పుడు అదే కాలేజీ సర్వర్ తన చేతిమీదుగా నడుస్తోంది. ఎవరి పాఠాలు వాళ్లు పెట్టుకునేలా మాస్టార్లకు అందులో తలా ఒక సొంత గది, అంటే వాళ్ల పేరుతోనే ఒక చోటు, ఇప్పించింది. అందుకోసం ప్రిన్సిపాల్ గారి చుట్టూ ఏడాది తిరిగింది.

మొన్న నేను వెళ్లి తన ఆఫీసులో కూర్చున్నానో లేదో, లెక్కల మాస్టారు రొప్పుతూ వచ్చారు.

"అమ్మాయ్, కొంప మునిగింది! నా గదిలో పెట్టిన పరీక్ష తెరుచుకోవట్లేదు. అసలు ఆ పేజీయే లేదంటోంది."

వెనకే ప్రిన్సిపాల్ గారు. "మధ్యాహ్నం క్లాసులోగా బాగవకపోతే ఈ సొంత గదులన్నీ తీసేద్దామమ్మా. రోజూ ఈ తలనొప్పి నావల్ల కాదు."

పొట్టి ముఖం చిన్నబోయింది. చేతులు మాత్రం ఆగలేదు. పరీక్ష నడిపే ప్రోగ్రాంను స్క్రిప్టు అంటారట, దాని అడ్రస్ బారెడుంటుందట. పిల్లలు చిన్న అడ్రస్ కొడితే, దాన్ని సర్వరే పెద్దదిగా మార్చుకోవాలట. అలా మార్చమని చెప్పేది రీరైట్ రూలు. ముందు ఆ బారెడు అడ్రసే కొట్టి చూసింది. పరీక్ష చక్కగా వచ్చింది.

"స్క్రిప్టు బాగానే ఉంది మాస్టారూ. మార్చే దగ్గరే తేడా."

"అయితే ఆ పొడుగుదే బోర్డు మీద రాసేస్తా. గండం గడుస్తుంది."

"ఈ పూటకు గడుస్తుంది. గదులు మాత్రం పోతాయి. కాసేపు కూర్చోండి."

"కూర్చుంటే నాకు బీపీ పెరుగుతుంది."

"అయితే కాస్త పక్కకు నిలబడండి, వెలుతురు రానివ్వండి."

సర్వర్ ఏ అడ్రస్‌ను ఎలా మార్చిందో చూపించే లాగ్ తెరిచి, వరుస వరుసా వేలు పెట్టి చదివింది.

"దొరికింది పెద్దమ్మా!"

కాలేజీ సైటులో పనిచేసే రూలునే మాస్టారు తన గదిలోనూ పెట్టుకున్నారు. గదిలో అడ్రస్ ఎక్కణ్నుంచి మొదలవ్వాలో ఆ రూలు చెప్పదు. దాంతో ఆ గది డిస్కులో ఎక్కడుందో ఆ దారినంతా తెచ్చి సర్వర్ వెబ్ అడ్రస్‌గా తగిలిస్తోంది. అలాంటి పేజీ సైటులో ఎక్కడుంటుంది! అడ్రస్ మాస్టారి గది పేరుతోనే మొదలవ్వాలని పొట్టి ఒక్క వరుస చేర్చింది. చిన్న అడ్రస్ కొట్టగానే పరీక్ష తెరుచుకుంది.

అంతటితో వదిలే పిల్ల కాదది. రీరైట్ రూలున్న మిగతా గదుల్లోనూ ఎవరి పేరుతో వారికి ఆ వరుస పెట్టి, "మీకు తోచింది కొట్టి చూడండి సార్" అంది.

ప్రిన్సిపాల్ గారు సంగీతం టీచరు గది కొట్టారు, చరిత్ర మాస్టారిది కొట్టారు. రెండూ తెరుచుకున్నాయి. కళ్లజోడు సర్దుకున్నారు.

"ఉంచమ్మా నీ గదులు. ఖాళీ ఉంటే నాకూ ఒకటివ్వు."

ఇచ్చింది. ఆ వరుసతో సహా.